‘ఇంట్లో ఇతర పనులు’ అనే గడి

రోజు 1

ఓబులేసూ, ముందు నువ్వు రాసిచ్చిన కాగితం దిద్దుతున్నాను. "సిగ్నల్ బలహీణం. లోపం ఇంటిదే, లైనుది కాదు" అని రాసి కింద సంతకం గీకావు. బలహీనంలో ఉన్నది ‘న’, ‘ణ’ కాదు. ఇక రెండో తప్పు. మా ఇంట్లో లోపమంటూ ఉంటే అది మా ఆడపడుచు తులశమ్మ ఒక్కతే. ఆమె నలభై ఏళ్లుగా ఉంది, బొమ్మ చెడిపోవడం మాత్రం పోయినేడు మొదలైంది. కనుక లోపం లైనుదే. కింద భూమ్మీద ఉన్నప్పుడు, కదిరి కాలేజీలో నీకు రెండేళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషిగా చెబుతున్నాను: కారణం వెతక్కుండా తీర్పు రాసేవాడివని అప్పుడే ముప్పై ఎనిమిది వేశాను. చంద్రుడి మీదికి వచ్చినా నీ మార్కులు మారలేదు.

పది రోజులు లాగ్ రాస్తే తప్ప మీ నెట్‌వర్క్ ఆఫీసు మనిషిని పంపదట. సరే, రాస్తాను. నీ ఫారంలో మూడు గడులున్నాయి. ‘వేగం’, ‘బొమ్మ తీరు’, ‘ఇంట్లో ఇతర పనులు’. మొదటి రెండూ అర్థమయ్యాయి. మూడోది దేనికి? నేను సంగటి కెలికితే మీ తీగలకు తెలుస్తుందా? అయినా గడి ఖాళీగా వదిలే అలవాటు నాకు లేదు, నా పిల్లలను ఎప్పుడూ వదలనివ్వలేదు.

వేగం: ముందు గది గోడలో నువ్వు సీలు వేసి బిగించిపోయిన డబ్బా దగ్గర తొంభై ఆరు. వెనక గదిలో తెర దగ్గర ఆరు. ముప్పై అడుగుల ఇంట్లో తొంభై ఎక్కడ దిగిపోయిందో మీ ఆఫీసే చెప్పాలి.

బొమ్మ తీరు: గతుకుల బాటలో ఎద్దులబండి.

ఇంట్లో ఇతర పనులు: నీళ్లు పట్టాను. ఎనిమిది డ్రమ్ములు, పదకొండు బిందెలు. డ్రమ్ములు మధ్య గది అడ్డగోడ పొడవునా కింద నాలుగు, పైన నాలుగు. కదిరిలో మా వీధికి ఐదు రోజులకోసారి కొళాయి వచ్చేది, ఇక్కడా ఐదో రోజే పడతాను. ఇక్కడ కొళాయి రోజంతా వస్తుందని నాకూ తెలుసు. వచ్చినప్పుడే పట్టుకోవాలి. రానప్పుడు ఎవరు పట్టగలరు?

రోజు 2

వేగం: తొమ్మిది.

బొమ్మ తీరు: మా మనవరాలు చిత్రావతి మాటల్లో, "అవ్వా, పైకప్పంతా పెరుగన్నం మాదిరి ఉండాది."

ఈ లాగ్ మీ పై అధికారి కూడా చదువుతాడట, ఆయన కొత్తగా దిగాడట. కాబట్టి నీకు తెలిసిందే ఆయన కోసం రాస్తున్నాను. మనం ఉన్న గుహ పైకప్పు పూత ఎక్కడ చిట్లినా గాలి పోతుంది. గాలి పోతే మనం పోతాం. అందుకని పైకప్పు పొడవునా కెమెరాలు పాకుతుంటాయి. ఆ బొమ్మలు చూసి నెర్రెలు పట్టేవాళ్లను నెర్రెకాపరులంటారు. కరువుసీమ నుంచి వచ్చినవాళ్లం కదా, పగులును నెర్రె అనకుండా ఉండలేకపోయాం.

పదహారో రోజున చిత్రావతికి నెర్రె పరీక్ష. నలభై నిమిషాలు పైకప్పు బొమ్మ నేరుగా ఇంటి తెర మీదికే వస్తుంది. అందులో పదిహేను నెర్రెలుంటాయి, పన్నెండు పడితే ఉద్యోగం. మూడుసార్లకు మించి రాయనివ్వరు. మొదటిసారి పిల్ల జ్వరంతో రాసింది. పోయినేడు పది పట్టింది. ఇది మూడోది. కొడుకూ కోడలూ మంచు గనిలో పని చేస్తూ రెండు నెలలకోసారి వస్తారు, కాబట్టి ఫలితం వచ్చిన రోజు ఇంట్లో మాట్లాడేది నేనే. పోయినేడు నేనన్న మాట ఇక్కడ రాయను.

నెర్రె అంటే తెర మీద రెండు చుక్కల వెడల్పు. వేగం చాలకపోతే బొమ్మ ఆగిపోతే బాగుండు, ఆగిందని తెలుస్తుంది. ఇది ఆగదు. తనంతట తనే నాణ్యత దించుకుని, సన్న గీతలన్నీ నున్నగా మెత్తేసి, ఏమీ ఎరగనట్టు నడుస్తూ ఉంటుంది. కేబుల్ లాగుదామంటే పరీక్షల బోర్డువాళ్లు ఆ తెరకు రంధ్రమే పెట్టలేదు, కాపీ కొడతారని. గోడ నుంచి కదిపితే సీలు తెగుతుంది, సీలు తెగితే పరీక్ష పోతుంది.

ఇంట్లో ఇతర పనులు: సంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. పై వరసలో మొదటి డ్రమ్ము వాడకానికి తీశాం. కొళాయి తిప్పనివ్వను. నిల్వ నీళ్లు ముందు అయిపోవాలి.

రోజు 3

దొంగ దొరికింది. ఇంట్లోనే ఉంది. దాని పేరు తులశమ్మ.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె తన టాబ్లెట్ పలక ముందు కూర్చుని సీరియల్ పెట్టుకుంది. రెండు వేల మూడు వందల భాగాలున్నాయి, ఆమె రెండోసారి చూస్తోంది. అదీ పూర్తి నాణ్యతలో.

"తులశీ, నాణ్యత రవ్వంత తగ్గించుకోరాదా?"

"తగ్గిస్తే చీరల జరీ కనపడదు వదినా."

"జరీ చూసి ఏం జేస్తావు? కొంటావా?"

"కొనను. మూడో అత్త చీర మళ్లీ మళ్లీ కట్టిందేమో కనిపెడతా. పోయిన వారం కట్టిందే కట్టినాది. పరువులేని మనిషి."

ఇంట్లో ఒకే నెట్‌వర్క్. ముందు గది డబ్బాలోంచి వచ్చే ధార ఒక్కటే. ఒకరు జరీ కోసం బిందెలతో తోడుకుంటూ ఉంటే వెనక గదికి చుక్కలే మిగులుతాయి. పలక తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

వేగం: ముప్పై! చూశావా?

బొమ్మ తీరు: లావు గీతలు కనబడుతున్నాయి.

ఇంట్లో ఇతర పనులు: పై వరసలో రెండో డ్రమ్ము. తులశమ్మ అలిగి, పెట్టింది తినేసింది. అలక ఎక్కువైనప్పుడు ఆమె రెండు ముద్దలు ఎక్కువ తింటుంది.

రోజు 4

వేగం: అరవై. ఇక చెప్పేదేముంది? పరికల్పన, ప్రయోగం, ఫలితం. నీ పై అధికారి చదువుతున్నాడు కనుక నువ్వూ నేర్చుకున్నట్టు నటించు.

బొమ్మ తీరు: చిత్రావతి పాత ప్రశ్నల బొమ్మ పెట్టుకుని పదకొండు నెర్రెలు పట్టింది.

ఇంట్లో ఇతర పనులు: మూడో డ్రమ్ము అయిపోవచ్చింది. తులశమ్మ మూడో అత్త సంగతి పక్కింటివాళ్లను అడిగి తెలుసుకుంటోంది. వాళ్లు సగం తప్పు చెబుతున్నారట, ఆమెకు దుఃఖం ఆగడం లేదు.

రోజు 6

వేగం: ఆరు.

పలక బీరువాలోనే ఉంది. తాళంచెవి నా నడుముకే ఉంది. అయినా ఆరు.

తులశమ్మ వచ్చి నా భుజం మీంచి అంకె చూసింది. ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"ఏంది?"

"తాళంచెవి."

ఇచ్చాను.

"నాలుగు దినాలు, వదినా. నాలుగు దినాల్లో ఆ ఇంట్లో రెండు పెండ్లిండ్లు అయిపోయినాయి. నేను ఒక్కదానికీ లేను."

బొమ్మ తీరు: పెరుగన్నం.

ఇంట్లో ఇతర పనులు: నీళ్లు పట్టాను. అన్నీ నింపాను. మనసు బాగాలేని రోజున నీళ్లు పడితే కాస్త కుదుటపడుతుంది. నిండిన డ్రమ్ము మూత తట్టి చూడు, ఆ బరువైన చప్పుడు వింటే ఇల్లు నిలబడిందనిపిస్తుంది. కదిరిలో కొళాయికి ఎదురుచూస్తూ నలభై బిందెల వెనక నా బిందె పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దుకున్నదాన్ని. నా వంతుకు చేరేసరికి నీళ్లు ఆగిపోయిన రోజులు నాకు వేళ్లమీద గుర్తున్నాయి. ఇది ఫారానికి సంబంధం లేని విషయం. గడి పెద్దదిగా గీసింది నువ్వే.

రోజు 8

వేగం: ముప్పై రెండు. సీరియల్ నడుస్తోంది, పూర్తి నాణ్యతలో. అంటే తులశమ్మ నిర్దోషి. ఈ మాట ఆమెకు చెప్పలేదు, లాగ్‌లో మాత్రం రాస్తున్నాను.

ఇప్పుడు నా అనుమానం మీ ఆఫీసు మీద. ఐదు రోజులకోసారి మీరేదో తీగ పీకి మళ్లీ పెడుతున్నారు. ఒప్పుకో.

బొమ్మ తీరు: చిత్రావతి ఎనిమిది పట్టింది. అప్పుడే చూశాను, పిల్ల కళ్లలో చుక్కల మందు వేసుకుంటోంది.

"ఎవరు రాసిచ్చినారు?"

"ఎవరూ లేదవ్వా. నేనే కొనుక్కున్నా."

"ఎప్పట్నుంచి?"

"పోయినేటి నుంచి. డాక్టరమ్మ కండ్లు బాగుండాయంది. ఆయమ్మకేం తెల్సు, నెర్రె చూసేది ఆయమ్మ కాదు గదా."

ఇంట్లో ఇతర పనులు: ఏమీ లేవు. సంగటి గడ్డలు కట్టింది. నా చేత అట్లా అవదు, అయింది.

రోజు 10

నువ్వు వచ్చిన రోజు. నువ్వు ఎరిగినదే అయినా నా లెక్కన రాస్తాను, మీ అధికారి నీ నివేదికతో పోల్చుకుంటాడు.

పదింటికి వస్తానని పన్నెండింటికి వచ్చావు. వెనక గదిలో కొలిచావు. తొంభై ఒకటి. ఇంకోసారి కొలిచావు. తొంభై రెండు. తెర మీద గుహ పైకప్పు అద్దంలా మెరిసింది, ఈగ కాలు కూడా కనబడేంత.

"బ్రహ్మాండంగా ఉండాది గదా మేడమ్."

"నిన్న రాలేదేం? నాలుగు రోజుల కింద రాలేదేం?"

"నేను వస్తే లైనుకు భయం మేడమ్."

"మొదటిసారి వచ్చినప్పుడు నీ ముఖం చూసి భయపడింది మా తులశమ్మ ఒక్కతే. నువ్వెవరో గుర్తుపట్టలేదు, అందుకు."

మధ్య గదిలో పై వరస డ్రమ్ముకు ఆనుకుని టీ తాగావు. డ్రమ్ము మీద వేళ్లతో తట్టావు. ఖాళీ చప్పుడు వచ్చింది.

"ఇన్ని డ్రమ్ములు యాల మేడమ్? కొళాయి తిప్పితే వస్తాండాయి గదా."

"ఇప్పుడు వస్తున్నాయి."

"రేపు కూడా వస్తాయి మేడమ్."

"ఎవరు చెప్పినారు? నువ్వా? ముప్పై ఎనిమిది మార్కులవాడివి?"

నవ్వి, ఫారం మీద ‘లోపం కనబడలేదు’ అని రాసి వెళ్లిపోయావు. ఈసారి అక్షరదోషం లేదు. అదొక్కటే నాకు దక్కిన సంతృప్తి.

ఇంట్లో ఇతర పనులు: పై నాలుగూ, కింద రెండూ ఖాళీ. నీకు టీ ఇచ్చాం. నువ్వు పోయాక మా స్టీలు చెంబు కనబడలేదు. నీ సామాను సంచిలో వెతుకు.

రోజు 11

వేగం: ఆరు. నువ్వు గుమ్మం దాటి ఇరవై గంటలు కాలేదు.

బొమ్మ తీరు: నాకు చెప్పే ఓపిక లేదు, నువ్వు వినే స్థితిలో లేవు. ఫోన్ ఎత్తడం లేదు.

ఇంట్లో ఇతర పనులు: నీళ్లు పట్టాను. ఇంకేం చేయను?

రోజు 13

వేగం: ముప్పై. చిత్రావతి పట్టింది ఏడు. పదిహేనుకు ఏడు.

కాసేపు తెర ముందే కూర్చుంది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతున్న నా చేతుల్లోంచి చేట తీసుకుంది. గుహలో పండే బియ్యంలో రాళ్లుండవు. నేను అలవాటుగా ఏరుతాను.

"అవ్వా, ఈసారి పోతే గనికి పోతా. అమ్మానాయన దగ్గరికి."

"నీళ్లు తవ్వేదానికా?"

"తవ్వేదానికి కండ్లు అవసరం లేదు గదా."

చేట తిరిగి లాక్కుని, లేని రాళ్లే మళ్లీ ఏరాను. తులశమ్మ సీరియల్ ఆపింది.

ఇంట్లో ఇతర పనులు: పై వరస రెండో డ్రమ్ము.

రోజు 15

వేగం: తొంభై. చిత్రావతి పద్నాలుగు పట్టింది! పద్నాలుగోది నేను రెండుసార్లు చూసినా కనబడలేదు. వేలితో చూపిస్తే కనబడింది, దువ్వెనకు చిక్కిన తెల్లవెంట్రుకలా. ఆ పిల్ల కళ్లు గద్ద కళ్లు.

రేపు పదింటికి పరీక్ష. రేపు కూడా ఇట్లాగే ఉండేలా చూడమని మీ ఆఫీసుకు మూడు సందేశాలు పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇంట్లో ఇతర పనులు: ఆరు డ్రమ్ములు ఖాళీ. రేపు నీళ్ల రోజు.

రోజు 16

ఇది మధ్యాహ్నం కూర్చుని రాస్తున్నాను.

గుహలో తెల్లవారిందని వీధి దీపాలు వెలిగేసరికే లేచి అన్నీ నింపాను. ఐదో రోజు కావడం ఒకటి, పరీక్షకు పోయే పిల్లకు నిండు బిందె ఎదురు రావాలన్నది ఇంకొకటి. పిల్ల పోయేది వెనక గదికే అయినా పోవడం పోవడమే కదా. శకునాలు నేను నమ్మను. నమ్మనంత మాత్రాన ఖాళీ బిందె ఎదురు పెడతామా? ఎనిమిది డ్రమ్ములూ మూతల దాకా నింపాను. పదకొండు బిందెలూ వాటి ముందు వరసగా పేర్చాను. తులశమ్మ నిండు బిందె చంకన పెట్టుకుని చిత్రావతికి ఎదురు వచ్చింది. పిల్ల దండం పెట్టి లోపలికి పోయింది. పదింటికి తెర మీద పైకప్పు బొమ్మ కదలడం మొదలైంది.

ఆరు నిమిషాలకు లోపలి నుంచి కేక.

"అవ్వా! మెత్తేస్తాండాది! గీతలు పోతాండాయి!"

పోయి కొలిచాను. ఐదు. అంత తక్కువ ఎప్పుడూ లేదు.

బొమ్మ చెడితే ఒక్కసారి, పది నిమిషాలు మాత్రమే పరీక్ష ఆపుకోవచ్చు. చిత్రావతి మీట నొక్కింది. తెర మీద పది నుంచి అంకెలు దిగడం మొదలుపెట్టాయి.

నేను లాగ్ తెరిచాను. నిజం చెబుతున్నాను, నిన్ను తిట్టడానికే తెరిచాను. ఈ ఐదు అంకె రాసి, మొదటి నుంచి అన్ని అంకెలూ చూపించి, మీ ఆఫీసు మీద బోర్డుకు ఫిర్యాదు పంపుదామని. పేజీలు వెనక్కి తిప్పాను. రోజు ఒకటి, వేగం ఆరు. రోజు ఆరు, వేగం ఆరు. రోజు పదకొండు, వేగం ఆరు. ఐదు రోజులకోసారి తీగ పీకుతున్నది ఎవరా అని కింది గడి చూశాను.

నీళ్లు పట్టాను. నీళ్లు పట్టాను. నీళ్లు పట్టాను.

నా చేతిరాతే. గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా.

మైక్రోవేవ్ పొయ్యిలో అన్నం వేడెక్కేది అన్నం వల్ల కాదురా, అందులోని నీటి వల్ల, ఆ తరంగాలను నీరు మింగేస్తుంది అని ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసినదాన్ని. వైఫై తరంగాలూ ఆ వంశమే. డబ్బా ముందు గదిలో, తెర వెనక గదిలో, మధ్యలో ఎనిమిది వందల లీటర్ల నీటి గోడ. దాని ముందు పదకొండు స్టీలు బిందెలు. పోయినేడు కోడలు గని నుంచి ఆ డ్రమ్ములు తెచ్చింది. పోయినేడే బొమ్మ చెడింది.

ఎనిమిది నిమిషాలు మిగిలాయి.

"తులశీ, లే. డ్రమ్ములు తోయాల."

"యాడికి?"

"వీధిలోకి."

"నిండు నీళ్లు వీధిలోకా? వదినా, నీకేమన్నా అయ్యిందా?"

"అయ్యింది. బుద్ధొచ్చింది. పట్టు."

పారబోయడానికి టైము లేదు. మన కాలువకు ఒక్క డ్రమ్ము దిగడానికే నాలుగు నిమిషాలు. మోయడమే దారి. చంద్రుడి మీద బరువు ఆరో వంతు గనుక నూరు కిలోల డ్రమ్ము పదిహేడు కిలోల్లా లేస్తుంది. డెబ్భై ఒక్కేళ్ల నేను, అరవై ఆరేళ్ల తులశమ్మ, పై నాలుగూ చెరో వైపు పట్టుకుని దించాం, నెట్టాం. నెట్టడం సులువే. ఆపడమే కష్టం. తగ్గేది బరువు ఒక్కటే, జడత్వం నూరు కిలోలూ నూరు కిలోలే. ఇదీ నేను చెప్పిన పాఠమే. తులశమ్మ ఆ రోజు క్లాసులో లేదు.

"వదినా! ఇది నా మాట ఇంటలేదు!"

"నువ్వు ఎవరి మాట విన్నావు గనుక? వదిలెయ్! వదిలెయ్ అంటాండా గదా!"

వదల్లేదు. డ్రమ్ముతో పాటు ఆమె కూడా గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురింటి గోడ దాకా పోయింది. అక్కడి నుంచి, "నాకేం కాలేదు, ఇంకోటి తోయ్!" అని అరిచింది. నలభై ఏళ్లలో మొదటిసారి ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

నేను లోపలి నుంచి తోయడం, ఆమె వీధిలో కాచుకుని పట్టడం. ఏడు డ్రమ్ములు బయటపడ్డాయి. ఎనిమిదోది గుమ్మంలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. తులశమ్మ బయట, నేను లోపల. బిందెలు కాలితో పక్కకు జరిపేశాను. మూడు బోర్లాపడ్డాయి. ఇల్లంతా నీళ్లు. ఆ నీళ్లలో నిలబడి, జీవితంలో మొదటిసారి, నీళ్లు పోయాయన్న బాధ నాకు కలగలేదు.

"అవ్వా! వచ్చింది! గీతలు కనపడతాండాయి!"

ఇంకా నలభై సెకన్లు ఉన్నాయి.

పరీక్ష అయ్యేదాకా నేను ఆ నీళ్లలోనే పీట వేసుకుని కూర్చున్నాను. కదిలితే ఏదైనా అడ్డమవుతానేమోనని భయం. మనిషిలో కూడా మూడింట రెండు వంతులు నీరే. చిత్రావతి తలుపు తీసుకుని వచ్చి నన్నూ, నేలనూ, గుమ్మంలో ఇరుక్కున్న డ్రమ్మునూ చూసింది.

"ఏందవ్వా ఇదంతా?"

చెప్పాను. లాగ్ తెరిచి మూడు పేజీలూ చూపించాను. చదివింది. లాగ్ మూసి అడిగింది.

"పోయినేడు పరీక్షప్పుడు కూడా నిండు బిందె ఎదురు పెడితివి గదా?"

"పెడితిని. డ్రమ్ములూ నింపితిని."

"ఆ పొద్దు ఫలితం చూసి ఏమంటివో గుర్తుండాదా?"

ఉంది. రెండో రోజున రాయనన్న మాట ఇప్పుడు రాస్తున్నాను. ఎదురుగా ఉన్న నెర్రె కనపడనిదానికి కండ్లెందుకు అన్నాను. ఆ మాట మీద ఆ పిల్ల ఏడాది పాటు మందు చుక్కలు వేసుకుంది.

"తప్పు నాది చిత్రా" అన్నాను. చిన్న వాక్యమే. కానీ నాకు వాడుకలో లేని వాక్యం కనుక రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

చిత్రావతి కోప్పడుతుందనుకున్నాను. పీట పక్కన నీళ్లలోనే చతికిలబడి, చేతుల్లో ముఖం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"అంటే నా కండ్లు బాగుండాయన్నమాట" అంది. "బాగుండాయవ్వా. నా కండ్లు బాగుండాయి."

గుమ్మం అవతలి నుంచి తులశమ్మ కేక వేసింది. "ఎవరి కండ్లు బాగుంటే నాకేమి, నన్ను లోపలికి రానియ్యండి, సీరియల్ టైమయ్యింది!"

రోజు 19

ఫలితం వచ్చింది. పదమూడు. నెర్రెకాపరి కొలువు, వచ్చే నెల నుంచి. తప్పిన రెండూ మొదటి ఆరు నిమిషాల్లోవి. ఆ రెండూ నావి, పిల్లవి కావు. ఈ సంగతి మీ పై అధికారికి కూడా తెలియనివ్వు.

వేగం: తొంభై ఐదు, తులశమ్మ జరీతో సహా.

బొమ్మ తీరు: అద్దం.

ఇంట్లో ఇతర పనులు: నీళ్లు పట్టలేదు. చేతులకు పని లేక రెండుసార్లు కొళాయి తిప్పి చూశాను. వస్తున్నాయి.

ఇక నీ కాగితం మళ్లీ దిద్దుతున్నాను. "లోపం ఇంటిదే, లైనుది కాదు" అన్నది ఒప్పు. నీ మార్కులు నలభై తొమ్మిదికి పెంచుతున్నాను. యాభై వేద్దును, కానీ ఖాళీ డ్రమ్మును వేళ్లతో తట్టి, ఇన్ని డ్రమ్ములెందుకని నన్నే అడిగి, అయినా నీకు తట్టలేదు. నాకూ తట్టలేదనుకో, నాకు మార్కులు వేసేవాడు లేడు. ఆ ‘ణ’కు మరో అర మార్కు తీయాల్సింది, తీయలేదు.

రేపు ఆఫీసుకు పోయే ముందు ఇటు రా. తోపుడుబండి తెచ్చుకో. వీధిలో ఉన్న ఎనిమిది డ్రమ్ములూ వీధి చివర తోటకూర మళ్ల దగ్గర దించిరా. ఒక్కొక్కటే తోలు, మలుపుల దగ్గర ముందే ఆపడం మొదలుపెట్టు. కుమ్మరించొద్దు, ధారగా పొయ్యమని మళ్లవాళ్లకు చెప్పు. నా స్టీలు చెంబు తీసుకురా. ఒక సుద్దముక్క కూడా. నేను ఒక్క బిందె ఉంచుకుంటాను, అది ఎవరు చెప్పినా తీయను. నువ్వు వెనక గదిలో వేగం చూస్తూ ఉండు, నేను బిందె నింపుకుని మధ్య గదిలో ఒక్కోచోట పెడుతూ వస్తాను. అంకె పడిపోని చోటు దొరికాక, నేల మీద బిందె చుట్టూ సుద్దతో గుండ్రంగా గీసి పో. చెరిగిపోకుండా గట్టిగా గియ్యి.